రాత్రికి 2,880 అలలు: తీరం వెంట నడిచేవారికి తెలియాల్సిన లెక్కలు

ఎనిమిది గంటల నిద్ర అంటే 28,800 సెకన్లు. పది సెకన్లకో అల వస్తుందనుకుంటే, సముద్రం పక్కన టెంట్ వేసుకుని పడుకున్న రాత్రి మన కాళ్లవైపు 2,880 అలలు వచ్చి పోతాయి. సాయంత్రం చోటు వెతుక్కునేటప్పుడు మనం నిలబడి చూసేది మహా అయితే ఇరవై అలల్ని. ఆ ఇరవైని చూసి మిగతా 2,860 కూడా ఇలాగే ఉంటాయని నమ్మేస్తాం. తీరంలో చాలా ప్రమాదాలు ఆ నమ్మకం దగ్గరే మొదలవుతాయి.

సముద్రం చెప్పకుండా వచ్చి కొట్టిందని అంటుంటాం. నిజానికి అది చాలావరకు చెప్పే వస్తుంది. ఎంత ఎత్తు, ఎంతసేపు, ఎంత దూరం అనే మూడు కొలతల్లో చెబుతుంది. బెస్తవాళ్లు వాటిని తరాల అనుభవంతో చదువుకుంటారు. వీపున సంచి వేసుకుని ఊరి నుంచి వచ్చే మనకు ఆ అనుభవం లేదు కాబట్టి అంకెలనైనా నేర్చుకుని వెళ్లాలి. ఈ కథనం అందుకే.

ఆంధ్రప్రదేశ్‌కు 974 కిలోమీటర్ల తీరం ఉందని బడిలో చదువుకున్నాం. మరింత సూక్ష్మంగా మళ్లీ కొలిచాక అది 1,053 కిలోమీటర్లని తేలింది. అంత పొడవులోంచి ఒక్క ముక్కను ఉదాహరణగా తీసుకుందాం. విశాఖ పక్కన రుషికొండ నుంచి భీమిలి దాకా, సుమారు 15 కిలోమీటర్లు. దారిలో మంగమారిపేట సహజ శిలాతోరణం, దానికెదురుగా బౌద్ధ ఆరామాల తొట్లకొండ, ఆ తర్వాత ఎర్రమట్టి దిబ్బలు, చివర గోస్తని సముద్రంలో కలిసే చోటు. నౌకాదళ స్థావరం ఉన్న మేర ఇసుకలో దిగకూడదు, రోడ్డు మీదే సాగాలి. నెల జనవరి. శనివారం మధ్యాహ్నం బయల్దేరి, ఒక రాత్రి తీరంలో పడుకుని, ఆదివారం ఉదయానికి భీమిలి చేరాలి. ఈ చిన్న ప్రయాణానికి ఎన్ని లెక్కలు కావాలో చూద్దాం.

1.4 మీటర్లు: గోడమీది క్యాలెండర్ చెప్పే సంగతి

విశాఖ దగ్గర పున్నమికీ అమావాస్యకీ అటూ ఇటుగా పోటుకూ ఆటుకూ మధ్య నీటిమట్టం తేడా సుమారు 1.4 మీటర్లు ఉంటుంది. అష్టమి చుట్టుపక్కల రోజుల్లో అది అర మీటరుకు తగ్గుతుంది. కాబట్టి ప్రయాణం తేదీ పెట్టుకునేటప్పుడు సెలవు ఉందా అని మాత్రమే కాక తిథి ఏమిటో కూడా చూడాలి.

1.4 మీటర్లంటే మన ఛాతీ ఎత్తు. వినడానికి చిన్నదే. కానీ ఇసుక ఏటవాలుగా ఉంటుంది కాబట్టి నీళ్లు ఎంత పైకి లేచాయన్నదానికన్నా ఎంత లోపలికి వచ్చాయన్నది మనకు ముఖ్యం. ప్రతి 20 మీటర్లకు ఒక మీటరు లేచే ఒడ్డు మీద 1.4 మీటర్ల పోటు 28 మీటర్లు లోపలికొస్తుంది. 50 మీటర్లకు ఒక మీటరు లేచే చదునైన ఒడ్డయితే 70 మీటర్లు. సాయంత్రం వంద మీటర్ల వెడల్పున పరుచుకున్న ఇసుకలో అర్ధరాత్రికి మిగిలేది ముప్ఫై మీటర్లే.

ఆటు నుంచి పోటుకు సుమారు 6 గంటల 12 నిమిషాలు పడుతుంది. ఈ ఆరు గంటల్లో నీళ్లు ఒకే వేగంతో పెరగవు. మొత్తాన్ని 12 భాగాలు చేస్తే మొదటి గంటలో 1, రెండో గంటలో 2, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, అయిదో గంటలో 2, ఆరో గంటలో 1 భాగం చొప్పున పెరుగుతుంది. అంటే సగం పోటు నడుమనున్న రెండు గంటల్లోనే వచ్చేస్తుంది. రాళ్ల చాటున ఫొటోలు దిగుతూ మొదటి గంట గడిపినవాళ్లకు నీళ్లు పెరిగినట్టే అనిపించదు. వచ్చిన దారి మూసుకుపోయేది మూడో గంటలో.

మంగమారిపేట లాంటి రాతి తీరాల్లో పాటించాల్సిన సూత్రం ఒక్కటే. ఆటు ముగియడానికి గంటన్నర ముందు దిగాలి, పోటు మొదలయ్యాక గంటలోపు బయటికి రావాలి. ఆ సమయం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పోయిన వారం మిత్రుడు చెప్పిన వేళ ఈ వారం పనికిరాదు.

గెడ్డలు సముద్రంలో కలిసే చోట్లకూ ఇదే లెక్క. ఎర్రమట్టి దిబ్బల్ని కోసుకుంటూ వచ్చే పెద్దగెడ్డ, చిట్టిగెడ్డ ఎండాకాలంలో చూస్తే నీటిజాడ మాత్రమే. వాన పడితే సంగతి వేరు. వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా పెద్దమనిషి కాళ్లను తన్నేయగలదు. చీలమండ దాటి పారుతుంటే రోడ్డెక్కి వంతెన మీదుగా వెళ్లాలి.

రెండింతలు: రాత్రి వచ్చే పెద్ద అల

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, రోజూ అలల ఎత్తు అంచనా ఇస్తుంది. ఫోన్‌లో వాళ్ల ‘సముద్ర’ యాప్‌లో చూసుకోవచ్చు. సముద్రం లేని నగరం నుంచి దేశంలోని తీరం మొత్తానికీ సమాచారం అందించే సంస్థ అది. అయితే వాళ్లిచ్చే అంకెను సరిగ్గా చదవాలి. ‘అలల ఎత్తు 1.2 మీటర్లు’ అంటే అతిపెద్ద అల 1.2 మీటర్లని కాదు. వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతు అలల సగటు అది.

అలల గణితం ప్రకారం ప్రతి వంద అలల్లో ఒకటి ఈ అంకెకు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. రెండు మూడు వేల అలల్లో ఒకటి రెండింతల దాకా వెళ్లగలదు. మన రాత్రికి 2,880 అలలు కదా. 1.2 మీటర్ల అంచనా ఉన్న రాత్రి ఒక్క అలైనా 2.4 మీటర్ల ఎత్తున వస్తుందని అనుకుని పడుకోవాలి. అది పోటు నిండుగా ఉన్న వేళే రావచ్చు.

అందుకే టెంట్ వేయాల్సిన చోటును ఇసుకే చూపిస్తుంది. నాచు, పుల్లలు, గవ్వలు, ప్లాస్టిక్ మూతలు ఒక గీతలా పేరుకుని ఉంటాయి. అది కిందటి పోటు గీత. దానికి పైన ఇంకా పాతది, ఎండిపోయినది మరొకటి కనిపిస్తుంది. అది పెద్ద పోటు గీత. ఆ రెండోదాన్ని కూడా దాటి, ఊదారంగు పూలు పూసే తీగ ఇసుకను కప్పుకుని పెరిగే మేర కనుక్కోవాలి. ఆ తీగకు ఇవతల, ఊరివైపు టెంట్ వేయాలి. సాయంత్రం ఆరింటికి ఆటు ఉన్న రోజైతే మరింత జాగ్రత్త. పన్నెండు దాటగానే పోటు. అంటే మనం చోటు ఎంచుకున్నది నీళ్లు అన్నిటికన్నా దూరంగా ఉన్న క్షణంలో, గాఢనిద్రలో ఉండేది అవి అన్నిటికన్నా దగ్గరికొచ్చే గంటలో.

టెంట్ వేసేముందు పక్క ఊరి పెద్దలనో, వలలు బాగుచేసుకుంటున్నవాళ్లనో “ఇక్కడ పడుకోవచ్చా అన్నా?” అని అడగండి. పడవలను వాళ్లు ఎంత పైకి లాగి పెట్టారో చూడండి. బతుకుతెరువును పెట్టిన ఎత్తు అది. దాని కిందికి మన టెంట్ ఉండకూడదు. దగ్గరి పోలీసు స్టేషన్‌లో చెప్పి అనుమతి తీసుకోవడం కూడా ప్రయాణంలో భాగమే.

29 సెకన్లు: ఎదురీదాలా, పక్కకా?

నీళ్లలో ప్రాణాలు తీసేది ఎక్కువగా పెద్ద అల కాదు, రిప్ కరెంట్. అలలు ఒడ్డుకు తెచ్చి పోసిన నీరు తిరిగి వెళ్లాలి కదా. ఇసుక దిన్నెల మధ్య సందు దొరికిన చోట అదంతా ఒక కాలువలా చేరి లోపలికి పరుగెడుతుంది. పైనుంచి చూస్తే అటూ ఇటూ తెల్లగా అలలు విరుగుతుంటాయి, మధ్యలో ఒక పట్టీ మాత్రం ముదురు రంగులో ప్రశాంతంగా కనిపిస్తుంది. ఈత తెలియనివాళ్లు అలలు లేవని సరిగ్గా అక్కడే దిగుతారు.

దాని వేగం మామూలుగా సెకనుకు 0.3 నుంచి 0.6 మీటర్లు. కొన్నిచోట్ల సెకనుకు 2.4 మీటర్ల దాకా నమోదైంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఫ్రీస్టైల్ ప్రపంచ రికార్డు 46.40 సెకన్లు, అంటే సెకనుకు 2.16 మీటర్లు. ప్రపంచ విజేత కూడా ఆ ప్రవాహానికి ఎదురీదలేడు.

మామూలు రిప్‌నే తీసుకుని లెక్క వేద్దాం. ప్రవాహం సెకనుకు 0.5 మీటర్లు, మన ఈత 0.7 మీటర్లు. ఎదురీదితే సెకనుకు ముందుకు వెళ్లేది 0.2 మీటర్లే. ఒడ్డు 50 మీటర్ల దూరంలో ఉంటే 250 సెకన్లు, నాలుగు నిమిషాలకు పైగా ఒళ్లంతా బలం పెట్టి కొట్టుకోవాలి. చాలామంది రెండో నిమిషానికే అలసిపోతారు. అదే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే? ఆ పట్టీ వెడల్పు 20 మీటర్లనుకుంటే 29 సెకన్లలో బయటపడతాం. ఈలోగా మరో 14 మీటర్లు లోపలికి పోతాం. పోనివ్వండి. అలలు విరుగుతున్న చోటికి చేరితే అవే మనల్ని ఒడ్డువైపు తోస్తాయి.

ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ ఒక చెయ్యెత్తి పిలవాలి. రిప్ లోపలికి లాగుతుందే కాని అడుక్కి లాగదు. ఒడ్డున ఉన్నవాళ్లు గొలుసుకట్టుగా చేతులు పట్టుకుని దిగితే ఒకరికి బదులు నలుగురు పోయిన సందర్భాలున్నాయి. తేలేదేదైనా విసరాలి. మూత బిగించిన ఖాళీ ఇరవై లీటర్ల డబ్బా, ట్యూబు, తాడు ఏదైనా సరే. బయటికి తీశాక ఊపిరి ఆడకపోతే కడుపు నొక్కి నీళ్లు కక్కించే ప్రయత్నం వద్దు. నోటి ద్వారా శ్వాస అందిస్తూ ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి. 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ప్రయాణానికి ముందు ఒక్క పూట కేటాయించి ఈ పద్ధతిని, అంటే సీపీఆర్‌ను, నేర్చుకోవడం మన జట్టులో ఒక్కరినైనా ఆ లెక్కలో చేరకుండా ఆపవచ్చు.

6 లీటర్లు: సంచిలో సగం బరువు

మెత్తని ఇసుకలో నడవడానికి గట్టినేల మీద నడకకన్నా రెండింతలకు పైగా శక్తి కావాలి. రోడ్డు మీద గంటకు అయిదు కిలోమీటర్లు నడిచేవాళ్లు ఇక్కడ మూడే లెక్కవేసుకోవాలి. 15 కిలోమీటర్లంటే అయిదు గంటలు. శనివారం మూడున్నర నుంచి అయిదున్నర దాకా రెండు గంటలు, ఆదివారం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా మూడు గంటలు. జనవరిలో విశాఖలో సూర్యుడు ఆరున్నర ప్రాంతంలో ఉదయించి అయిదూ నలభైకి అస్తమిస్తాడు కాబట్టి ఈ వేళలు సరిపోతాయి. తడిసి గట్టిపడిన ఇసుక అంచున నడిస్తే కాళ్లకు హాయి.

ఉక్కలో నడిచేటప్పుడు గంటకు ముప్పావు లీటరు తాగాలి. అయిదు గంటలకు సుమారు 4 లీటర్లు. రాత్రి అవసరాలకు మరో 2 లీటర్లు. మొత్తం 6 లీటర్లు, అంటే 6 కిలోలు. 60 కిలోల మనిషి తన బరువులో అయిదో వంతు, 12 కిలోలకు మించి మోయకూడదు. సగం నీళ్లకే పోయింది. మిగతా ఆరింటిలో టెంట్ 2 కిలోలు, పడక కిలోన్నర, తిండి కిలో, బట్టలు కిలో, మందులు, టార్చి, పవర్ బ్యాంక్ కలిపి అర కిలో. ఇంకేమీ పట్టదు. స్పీకర్ ఇంట్లోనే వదిలేయాలి.

ఏప్రిల్, మే నెలల్లో ఇదే ప్రయాణం వద్దనడానికి కారణం కూడా అంకెల్లోనే ఉంది. గాలిలో తేమ 70 శాతం ఉన్నప్పుడు 32 డిగ్రీల వేడి ఒంటికి సుమారు 40 డిగ్రీలుగా తగులుతుంది. 34 డిగ్రీలయితే సుమారు 47గా. అది నీడలో లెక్క. నేరుగా ఎండలో ఉంటే మరో 8 డిగ్రీల దాకా కలపాలి. లోపలి ఊళ్లలో 42 డిగ్రీలు చూసినవాళ్లు తీరంలో 34 అంటే చల్లగా ఉందనుకుంటారు. చెమట ఆరని చోట ఆ నమ్మకం ప్రమాదం.

తలనొప్పి, కాళ్లు పీకడం మొదలైతే నీడకు చేరి ఓఆర్‌ఎస్ తాగాలి. ఒక ప్యాకెట్‌కు సరిగ్గా ఒక లీటరు నీళ్లు. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చిన్న చెంచాతో, తలకొట్టి కొలవాలి. మాట తడబడి, ఒళ్లు 40 డిగ్రీలకు కాలిపోతుంటే అది వడదెబ్బ. అంబులెన్స్ వచ్చేదాకా ఆగకుండా ఒళ్లంతా తడిపి విసురుతూనే ఉండాలి.

30 సెకన్లు, 30 నిమిషాలు: ఉరుము లెక్క

చదునైన ఇసుకతిన్నె మీద అన్నిటికన్నా ఎత్తుగా ఉండేది మన తల. మెరుపు కనబడగానే లెక్కపెట్టడం మొదలుపెట్టండి. శబ్దం కిలోమీటరు రావడానికి సుమారు 3 సెకన్లు. 30 లెక్కపెట్టేలోపు ఉరుము వినిపిస్తే పిడుగు 10 కిలోమీటర్లలోపే ఉంది. వెంటనే పక్కా భవనంలోకో, తలుపులు మూసిన కారులోకో వెళ్లాలి. టెంట్ పిడుగును ఆపదు, ఒంటరి తాటిచెట్టు దాన్ని పిలుస్తుంది. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి బయటికి రావాలి.

చెట్ల మాట వచ్చింది కాబట్టి మరో లెక్క. 20 మీటర్ల ఎత్తునుంచి రాలిన కొబ్బరికాయ నేలను తాకే వేగం గంటకు సుమారు 70 కిలోమీటర్లు. నీడ బాగుందని కొబ్బరిచెట్టు కింద పడక వేయకూడదు. సరుగుడు తోట అంచున, గాలికి కొమ్మలు విరిగిపడని ఎడంలో మేలు.

నేల మీద దుప్పటి పరుచుకుని పడుకోవడం కూడా వద్దు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. దాని కాటు చాలాసార్లు నొప్పి తెలియనంత సన్నగా ఉంటుంది, నిద్రలోనే విషం ఎక్కుతుంది. అడుగు కుట్టి, జిప్ పూర్తిగా మూసిన టెంట్ దానికి మంచి రక్షణ. కాటు పడితే కోయడం, కట్టు బిగించడం చేయకుండా ఆ కాలో చెయ్యో కదలనీయకుండా 108కి ఫోన్ చేయాలి. నీళ్లలో టేకు చేప ముల్లు గుచ్చుకుంటే మాత్రం ఓర్చుకోగలిగినంత వేడినీళ్లు, 40 నుంచి 45 డిగ్రీలవి, అరగంట నుంచి గంటన్నర దాకా పాదం ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఆ తర్వాత డాక్టరు.

72, 48, 24, 12: తుపాను ఇచ్చే గడువు

మన తీరానికి 1977 నవంబరు 19 దివిసీమ జ్ఞాపకం ఉంది. అయిదు మీటర్ల ఉప్పెన వచ్చి సుమారు పదివేల మందిని తీసుకుపోయింది. విశాఖకు 2014 అక్టోబరు 12 హుద్‌హుద్ జ్ఞాపకం ఉంది. గాలి వేగం గంటకు 180 కిలోమీటర్లు. ఈ రెండింటి మధ్య గడిచిన 37 ఏళ్లలో ముందస్తు హెచ్చరిక బాగా మెరుగుపడింది.

ఇప్పుడు వాతావరణ శాఖ నాలుగు మెట్లుగా చెబుతుంది. ప్రతికూల వాతావరణం మొదలవడానికి 72 గంటల ముందు తొలి గమనిక, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, తుపాను తీరం దాటడానికి 12 గంటల ముందు, అది దాటాక లోపలి ప్రాంతాల్లో ఏం జరుగుతుందన్న అంచనా. ప్రయాణికుడికి వీటిలో మొదటిది చాలు. 72 గంటల గమనిక వచ్చిందంటే ప్రయాణం మానుకోవాలి. మిగతా మూడూ అక్కడే ఉండి ఇల్లు కాపాడుకోవాల్సినవాళ్ల కోసం. రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు 1 నుంచి 11 దాకా ఉంటాయి. ఒకటో నంబరు కట్టినా మన సంచి కట్టకూడదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం కాబట్టే ఈ ప్రయాణానికి జనవరి ఎంచుకున్నాం.

ఇక్కడ ఆకు కదలకపోయినా, ఎక్కడో దూరాన లేచిన అలలు రోజుల తరబడి ప్రయాణించి మన ఒడ్డుకు పొంగుగా రావచ్చు. దానికీ ఇన్‌కాయిస్ హెచ్చరిక ఇస్తుంది. సునామీ మాటా చెప్పుకోవాలి. 2004 డిసెంబరు 26 ఉదయం ఆరున్నరకు సుమత్రా దగ్గర 9.1 తీవ్రతతో భూమి కంపిస్తే, అలలు మన తీరానికి చేరడానికి సుమారు రెండున్నర గంటలు పట్టింది. ఆనాడు ఆ రెండున్నర గంటల్లో మనకు చెప్పేవారు లేరు. ఆంధ్ర తీరంలో వందమందికి పైగా పోయారు. 2007 నుంచి ఇన్‌కాయిస్‌లోనే సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. ఫోన్ ఆపేయకుండా ఉంచితే చాలు. సముద్రం అకారణంగా వెనక్కి తగ్గితే మాత్రం ఏ కబురూ అక్కర్లేదు, వెంటనే గుట్టవైపు పరుగెత్తాలి.

నూరు గుడ్లు: మనకన్నా ముందు వచ్చిన అతిథి

మనకు హాయిగా ఉండే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలే ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం. ఒక తల్లి గుంత తవ్వి 100 నుంచి 120 గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. వెయ్యి పిల్లల్లో పెద్దయ్యేది సుమారు ఒక్కటి. అంటే పది గూళ్లకు ఒక్క తాబేలు కూడా రాకపోవచ్చు.

పిల్లలు చీకట్లో వెలుగు ఎక్కువగా ఉన్నవైపు నడుస్తాయి. ప్రకృతిలో అది సముద్రంపై మెరిసే ఆకాశం. మనం చలిమంట వేస్తే అది మన మంట. తల్లి కూడా తెల్లని టార్చి చూస్తే గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్లుతుంది. అందుకే ఈ మూడు నెలల్లో ఒడ్డున మంట వద్దు. టార్చికి ఎర్ర కాగితం చుట్టి, నేలవైపే వెలిగించండి. తల్లి కనిపిస్తే వెనకవైపు, దూరంగా, మాట్లాడకుండా కూర్చోండి. ఫ్లాష్ కొట్టకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న జీవి అది, గుడ్లను ముట్టుకోవడం నేరం. చట్టం సరే, ఆ చీకట్లో ఒక తల్లి ఇసుక తోడుతున్న చప్పుడు వినడం కోసమే ఈ ప్రయాణం చేయవచ్చని నేను నమ్ముతాను. సాహసం అంటే అదే అయితే దానికి మన నుంచి కావాల్సింది కాస్త చీకటి, కాస్త నిశ్శబ్దం.

112, 108, 1554, మరో ఫోన్ నంబరు

ఈ అంకెల్ని ఫోన్‌లోనే కాక కాగితం మీద కూడా రాసి జేబులో పెట్టుకోండి. ఏ అత్యవసరానికైనా 112. అంబులెన్స్ 108. సముద్రంలో గల్లంతైతే తీర రక్షక దళం 1554.

నాలుగోది ఇంట్లో ఒకరిది. అమ్మ కావచ్చు, అన్నయ్య కావచ్చు. బయల్దేరేముందు వాళ్ల చేతికి ఒక చీటీ ఇవ్వండి. ఎవరెవరు వెళ్తున్నారు, ఏ దారి, రాత్రి ఎక్కడ మకాం, ఆదివారం ఎన్నింటికి భీమిలి చేరతారు, ఎన్ని గంటలు దాటితే 112కి ఫోన్ చేయాలి. తొమ్మిదిన్నరకు చేరాలనుకుంటే చీటీలో పది అని రాయండి. పోటు లెక్క తప్పినా, ఫోన్ తడిసినా, కాలు మడతపడినా మనకోసం ఎవరో ఒకరు గడియారం చూస్తూ ఉంటారు.

గోస్తని కలిసే చోట సంచి దించగానే ఫొటో తర్వాత, టిఫిన్ తర్వాత. ముందు ఆ నంబరుకు ఫోన్ చేసి “చేరాం” అని చెప్పండి. ఆ మాట వాళ్ల చెవిన పడ్డాకే ప్రయాణం పూర్తయినట్టు.